నడిగీత దాటని పోగులు

దుకాణం వెనక గది,
సోమవారం మధ్యాహ్నం

అక్కా,

ముందే చెప్తున్నాను, ఇది చదివి ఫోన్ చేయకు. చేసినా ఎత్తను. ఫోన్లో నువ్వు ప్రతి మాటనీ రెండుసార్లు నమిలి ఆ తర్వాత నాకు వినిపిస్తావు. కాగితం మీదయితే కొట్టేసింది కొట్టేసినట్టే కనిపిస్తుంది. అందుకని రాస్తున్నాను. నువ్వూ రాయి, తిరగరాయకుండా పంపు.

నాకు ఇరవై వారాలు నిండాయి. శనివారం స్కాన్‌కి వెళ్ళాం. డాక్టరమ్మ మొదట బాగానే మాట్లాడింది. "ఇదిగో వెన్నెముక, ఇదిగో గుండె, చూడండి ఎంత బుద్ధిగా కొట్టుకుంటోందో" అంటూ. తల దగ్గరికి వచ్చేసరికి పావుగంటసేపు ఒకే చోట నొక్కుతూ కూర్చుంది. ఎడమ పక్కకి తిరగమంది, కుడి పక్కకి తిరగమంది, లేచి నాలుగడుగులు నడిచి రమ్మంది. ఇంకో డాక్టర్ని పిలిచింది. ఆయన రాగానే తెర నాకు కనపడకుండా అటు తిప్పేశారు. కడుపు నాది, చూడకూడనిదాన్ని మాత్రం నేను.

చివరికి చెప్పారు. మెదడు రెండు సగాల్నీ కలిపే వంతెన ఒకటి ఉంటుందట. మా బిడ్డకి అది కనపడటం లేదట. "లేదా, కనపడటం లేదా?" అని అడిగాను. "ఇప్పుడే చెప్పలేం, మూడు వారాలాగి పెద్ద మిషన్లో చూద్దాం" అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఉంచుకోవాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఇరవై నాలుగో వారం ముగిసే శుక్రవారం దాకే గడువని చెప్పారు. మీ మరిది తల ఊపాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఏ సంగతి చెప్పినా సర్టిఫికెట్ వచ్చేదాకా ఎక్కకూడదన్నట్టు తల ఊపుతాడు. 

అమ్మ ఉంటే అమ్మ ఒళ్ళో పడి ఏడ్చేదాన్ని. లేదు కాబట్టి నీకు రాస్తున్నాను. పైగా పదిహేనేళ్ళుగా నువ్వు ఎలుకపిల్లల మెదళ్ళు పల్చగా కోసి సరిగ్గా ఈ వంతెననే చూస్తున్నావు కదా. అదేమిటో, ఎలా పుడుతుందో, లేకపోతే ఏమవుతుందో రాయి. నన్ను బుజ్జగించకు.

నీ చెల్లి


మైక్రోస్కోపు గది,
బుధవారం

బుల్లీ,

నీ ఉత్తరం చేతికి అందగానే కుర్చీలో కూలబడ్డాను. ముందు నువ్వు అడిగింది చెప్తాను.

మెదడు మొదట్లో రెండు ముక్కలు. మధ్యలో ఖాళీ. ఇటు సగంలో పుట్టిన ఒక నాడీకణం, అటు సగంలో సరిగ్గా తనకి ఎదురుగా ఉన్న చోటుని చేరుకోవాలి. దానికి కాళ్ళు లేవు, కళ్ళు లేవు. ఒళ్ళంతా అక్కడే ఉంచి ఒక సన్నని పోగుని మాత్రం బయటికి పంపుతుంది. ఆ పోగు చివర చిన్న అరచెయ్యి లాంటిది ఉంటుంది. అది తడుముకుంటూ వెళ్తుంది. కొన్ని చోట్ల 'ఇటు రా' అనే వాసనలు, కొన్ని చోట్ల 'ఇటు రాకు' అనేవి. వాసన అని నేను అంటున్నాను, నిజానికి అవి రసాయనాలు.

ఆ రెండు సగాలకీ మధ్య ఉండే నడిగీత దగ్గర వేరే రకం కణాలు కొన్ని ముందే చేరి, మధ్యలో ఉన్న చీలికని కుట్టేసి దారి వేసి ఉంచుతాయి. మొట్టమొదట నాలుగైదు పోగులు దాటుతాయి. వాటిని పట్టుకుని మిగతావి వస్తాయి. మనిషిలో అవి ఇరవై కోట్లు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది ఏమిటంటే, దాటేవరకు ఆ గీత అంటే వాటికి తగని మోజు. దాటిన క్షణం నుంచి అదే గీత వాటికి గిట్టదు. అలా కాకపోతే అక్కడే తచ్చాడుతూ వెనక్కి వచ్చేస్తాయి. ఎలుకపిల్లలో ఇదంతా తల్లి కడుపులో పదిహేనో రోజు తర్వాత మొదలవుతుంది. నేను కోసిన ముక్కల్లో ఆకుపచ్చ రంగులో వెలుగుతూ కనపడుతుంది. చూస్తే నీకు ముచ్చటేస్తుంది.

ఇరవయ్యో వారంలో స్కాన్ పొరబడటం కొత్తేమీ కాదు. బిడ్డ తల వాలిన తీరుని బట్టి కనపడకపోవచ్చు. కంగారు పడకు. స్కాన్ బొమ్మలు పంపు. నేనూ చూస్తాను.

వేళకి తిను. దుకాణంలో ఎక్కువసేపు నిలబడకు.

అక్క


దుకాణం వెనక గది,
మంగళవారం

అక్కా,

మూడు బొమ్మలు ఈ కవర్లో ఉన్నాయి. ఇక నా అనుమానాలు విను.

మొదటిది, నీ ఉత్తరంలో ఒక్క కొట్టివేత కూడా లేదు. తిరగరాయొద్దని చెప్పాను. నువ్వు చిత్తుప్రతి రాసి, చూసుకుని, దిద్ది, మంచి కాగితం మీద ఎక్కించి పంపావు. ఆ చిత్తుప్రతిలో ఏముంది?

రెండోది, మూడు ప్రశ్నలు అడిగాను. అదేమిటో చెప్పావు, ఎలా పుడుతుందో ఒక పేజీ నిండా చెప్పావు. లేకపోతే ఏమవుతుందన్నది మాత్రం ఎగరగొట్టేశావు. అక్కా, నా ఉద్యోగం ఏమిటో మర్చిపోయావా? కళ్ళద్దాల దుకాణంలో రోజుకి ముప్పై మందికి అక్షరాల చార్టు చూపిస్తాను. చూపు తగ్గిందని ఒప్పుకోవడం ఇష్టం లేనివాళ్ళు, తమ వంతు వచ్చేలోపు బయట బెంచీ మీద కూర్చుని చార్టు బట్టీ పడతారు. కుర్చీలో కూర్చోగానే గడగడా అప్పజెప్తారు. వాళ్ళని ఎలా పట్టుకుంటానో తెలుసా? కనపడి చదివేవాడు చివరి వరుసలో తడబడతాడు. బట్టీ పట్టినవాడు తడబడడు. నువ్వు ఎక్కడా తడబడలేదు.

మూడోది. నిన్న ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన ఫోన్ మోగింది. ఎవరా అని చూస్తే లిఫ్టు పనివాళ్ళెవరో. కానీ ఆ కింద నీ పేరు మూడుసార్లు ఉంది. శనివారం, సోమవారం, గురువారం. శనివారమంటే నేను నీకు ఉత్తరం రాయకముందు. 'చేతికి అందగానే కూలబడ్డాను' అని రాశావే, అప్పటికి నీకు రెండుసార్లు చెప్పేసి ఉన్నాడు కదా! కూలబడటం కూడా చిత్తుప్రతిలోదేనా?

ఆయన్ని అడగలేదు. ఎదురుగా కూర్చుని తింటున్నాడు, నేనూ తింటున్నాను. మా ఇద్దరి మధ్య నువ్వు కూర్చుని ఉన్నట్టుంది. ఆయనకొక చార్టు, నాకొక చార్టు చూపిస్తున్నావు. రెండూ పక్కపక్కన పెట్టి చూపించు.

ఒకటి నేరుగా అడుగుతున్నాను, నేరుగా చెప్పు. ఆ వంతెన లేకుండా పుట్టిన మనిషిని ఎవరినైనా ఎప్పుడైనా చూశావా?

చెల్లి


ల్యాబ్, కోత బల్ల దగ్గర,
శుక్రవారం

బుల్లీ,

అవును, మరిది ఫోన్ చేశాడు. 'ముందు నాకు చెప్పండి, తనకి ఎలా చెప్పాలో చూసుకుంటాను' అన్నాడు. చెప్పాను. నీకు చెప్పొద్దని నేను అనలేదు, చెప్పమనీ అనలేదు. అది నా తప్పు. అతన్ని ఏమీ అనకు, భయపడిపోయి ఉన్నాడు.

అతనికి చెప్పిందే నీకూ చెప్తున్నాను. వంతెన ఒక్కటే లేకుండా మిగతా మెదడంతా బాగుంటే, సగానికి పైగా పిల్లలు మామూలుగానే పెరుగుతారు. మిగతావాళ్ళలో కొందరికి నడక, మాట ఆలస్యం. కొందరికి మూర్ఛలు. కొందరికి బడిలో, మనుషుల మధ్య మెసలడంలో కష్టం. వంతెనతో పాటు ఇంకేవైనా లోపాలు ఉంటే సంగతి వేరు, అప్పుడు బాగా కష్టం. మూడు వారాల తర్వాత పెద్ద మిషన్లో చూసేది ముఖ్యంగా అందుకే. మీ బిడ్డ ఏ గుంపులో ఉంటుందో ఈ భూమి మీద ఎవరూ ముందుగా చెప్పలేరు. చెప్తామన్న వాళ్ళని నమ్మకు.

దాటలేని పోగులు చచ్చిపోవు. అది నీకు చెప్పాలనిపించింది. నడిగీత దాకా వచ్చి, దారి లేక, అక్కడే పక్కకి తిరిగి, తమ సగంలోనే ముందు నుంచి వెనక్కి కట్టలు కట్టలుగా సాగిపోతాయి. ఎలుకల్లో చాలాసార్లు చూశాను. కొన్ని కింది దారిలో ఉండే ఇరుకు సందులోంచి అటుపక్కకి చేరతాయి కూడా.

మనుషుల సంగతి అడిగావు. మాది ఎలుకల పని. మనుషుల్ని చూడలేదు.

నీ బొమ్మలు తిప్పి పంపుతున్నాను. వాటిని పెద్ద సైజులో తీయించాను, అవీ పెడుతున్నాను. వాటి కింద అంచున తెల్ల స్టిక్కర్లు ఉంటాయి, పట్టించుకోకు. మా దగ్గర ఏ బొమ్మ వచ్చినా ముందు పేరు కప్పేసి ఒక నంబరు అంటిస్తాం. ఎవరిదో తెలిస్తే కన్ను తనకి కావలసిందే చూస్తుంది. నీ బొమ్మలకీ నేనే అంటించాను, చేతులు వాటంతటవే ఆ పని చేసేశాయి.

అక్క


దుకాణం వెనక గది,
సోమవారం

మూడు పంపాను. పెద్దవి నాలుగు వచ్చాయి.

61, 62, 63 మావి. 64లో ఉన్న తల పసిబిడ్డది కాదు. పెద్దమనిషి తల. నడుమ వంతెన ఉండాల్సిన చోట అందులోనూ ఏమీ లేదు. నాలాంటి దానికి కూడా తెలుస్తోంది, రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే.

కొత్త కళ్ళద్దాల మీద కంపెనీ స్టిక్కర్లు ఊడదీయడానికి మా దగ్గర స్పిరిట్ ఉంటుంది. గుడ్డ మీద పోసి తుడిచాను. కింద నీ పేరుంది. నీ పుట్టినరోజు ఉంది. తీసిన తేదీ నాలుగేళ్ళ కిందటిది.

'మనుషుల్ని చూడలేదు.'

చెప్పు.


ఇంట్లో, కిటికీ దగ్గర,
గురువారం

బుల్లీ,

చిత్తుప్రతి లేదు. ఇదే మొదటిది, ఇదే చివరిది.

నీ బొమ్మలు వచ్చిన రోజు నా బొమ్మ బయటికి తీసి వాటి పక్కన పెట్టుకున్నాను. మెదడు లోపలి నీటి గదుల ఆకారం పోల్చి చూద్దామని అన్నింటినీ ఒకే సైజులో తీయించాను. వరసగా నాలుగింటికీ స్టిక్కర్లు వేశాను. కవర్లో పెట్టేటప్పుడు ఆ వరస నంబర్లే చూశాను తప్ప బొమ్మలు చూడలేదు. పదిహేనేళ్ళ అలవాటు నన్ను పట్టించింది.

నాలుగేళ్ళ కిందట పక్క ఆసుపత్రి వాళ్ళు పరిశోధన కోసం ఆరోగ్యంగా ఉన్న మనుషుల మెదళ్ళు కావాలన్నారు, రోగుల బొమ్మలతో పోల్చుకోవడానికి. మా ల్యాబ్ నుంచి ఆరుగురం వెళ్ళాం. పెద్ద మిషన్ గొట్టంలోకి పంపేటప్పుడు జోకులేసిన ఆపరేటర్, బయటికి తీసేటప్పుడు నా మొహం చూడలేదు. రెండు రోజుల తర్వాత మా ప్రొఫెసర్ గదిలోకి పిలిచి తలుపు వేశారు. తెర మీద బొమ్మ ఉంది. "ఇదెవరిదండీ?" అని అడిగాను, ఆసక్తిగా. నిజంగా ఆసక్తిగానే అడిగాను బుల్లీ, అలాంటిది మనిషిలో చూడటం అదే మొదటిసారి కదా. ఆయన లేచి, కుర్చీ నా వైపు జరిపారు.

కొన్ని కుటుంబాల్లో ఇది వస్తుందని, మీ చెల్లెలికి తప్పకుండా చెప్పండని ఆ రోజే అన్నారు. ఆ నెలలోనే నీ పెళ్ళి. నీ పెళ్ళి పాడవకూడదని దాచానని రాస్తే గొప్పగా ఉంటుంది. అది నిజం కాదు. నాకు సిగ్గేసింది. ఆ గదిలో బల్లకి ఇటువైపు కూర్చుని చూసేదాన్ని నేను. అటువైపు, చూడబడే వాటిల్లో కలవడం నా వల్ల కాలేదు. ఎవరికీ చెప్పొద్దని ప్రొఫెసర్ చేతులు పట్టుకున్నాను. ఆయన చెప్పలేదు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ ఉంటే నువ్వు కడుపుతో ఉన్నానని కబురు పంపావు. సంతోషం కన్నా ముందు ఆ బొమ్మ గుర్తొచ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. మంచి మాటలు రాసి ఊరుకున్నాను.

ఆ రోజు నుంచి నా మీద నాకే నిఘా. చిన్నప్పటి నుంచి కుడిచేత్తో రాస్తుంటే నా ఎడమ వేళ్ళు కూడా కదులుతాయి, నీకు తెలుసు కదా. కుంచెతో మెదడు ముక్కని నీళ్ళలోంచి ఎత్తేటప్పుడు ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంటాను. అది దీనివల్లేనట. సరే, అదొకటి తేలింది. మిగతావో? సైకిల్ రాకపోవడం? జోకు చెప్తే అందరూ నవ్వి ఆపేశాక నవ్వడం? ఎదుటివాడు నిజం చెప్తున్నాడో లేదో పోల్చుకోలేకపోవడం? వీటిలో ఏది వంతెన లేక, ఏది నాన్న పోలిక, ఏది ఉత్తి నేను? నాలుగేళ్ళుగా ఇదే గోల. ఏ పని చేసినా పక్కన నిలబడి నన్ను నేనే అనుమానంగా చూసుకుంటున్నాను.

నిన్ను మోసం చేశాను. ఇంకో మాట వెతకను.

అక్క


దుకాణం వెనక గది,
శనివారం

అక్కా,

నిన్న పెద్ద మిషన్లో చూశారు. వంతెన లేదు. ముక్క కూడా లేదు. మిగతాదంతా బాగుందట. ఇక మీరే ఆలోచించుకోండి అన్నారు. గడువు వచ్చే శుక్రవారం.

నీ మీద నాకెంత కోపంగా ఉందంటే, ఆ స్టిక్కర్ తుడిచాక రెండు రోజులు దుకాణంలో వచ్చినవాళ్ళందరికీ తప్పు నంబర్లు రాసి మళ్ళీ పిలిపించుకున్నాను. నాలుగేళ్ళు! నేను తల్లిని కావాలా వద్దా అని నిన్ను సలహా అడిగాను, గుర్తుందా? 'నీ ఇష్టం' అన్నావు. నా ఇష్టానికి అవసరమైనదాన్ని నీ అల్మారాలో పెట్టుకుని నీ ఇష్టం అన్నావు.

కోపంతోనే కూర్చుని నీ చిన్నప్పటి నుంచీ తవ్వడం మొదలుపెట్టాను. బూటు లేసు కట్టుకోవడానికి పది నిమిషాలు. నాతో పోట్లాడి ఓడిపోయి, మూడో రోజు వచ్చి అదిరిపోయే జవాబు చెప్పడం, అప్పటికి నేను గొడవ మర్చిపోయి ఉండటం. తవ్వుతూ తవ్వుతూ నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

ఆయనకి నీ బొమ్మ చూపించాను. చాలాసేపు చూసి ఏమన్నాడో తెలుసా? "ఇది నిజమైన బొమ్మేనా? నీకు ధైర్యం చెప్పడానికి మీ అక్క తయారు చేసి పంపిందేమో. వాళ్ళ దగ్గర ఇలాంటివి బోలెడుంటాయి. స్టిక్కర్ నువ్వు పీకుతావని ఆవిడకి తెలియదా?" అన్నాడు. నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. కానీ అక్కా, ఆ మాట అన్న దగ్గర నుంచి నాకూ అదే అనుమానం. పొరపాటున పెట్టావా, కావాలని పెట్టావా? చెప్పడానికి నోరు రాక నా చేతే స్టిక్కర్ పీకించావా? లేక మొత్తం కట్టుకథా? ఒకసారి అబద్ధం ఆడినదాని నిజం కూడా అబద్ధంలాగే ఉంటుంది. దీనికి నువ్వే ఏదో ఒకటి చెయ్యి.

ఇంకొకటి అడగాలి. ఆలోచించి చెప్పకు, రాసెయ్యి. నీ వేళకి ఈ మిషన్లు ఉండి, అమ్మకి ఐదో నెలలో నీ సంగతి చెప్పి, శుక్రవారం దాకా గడువిచ్చి ఉంటే? అమ్మ లోపలున్న నిన్ను అడగగలిగి ఉంటే? ఏం చెప్పేదానివి?

చెల్లి


ల్యాబ్ మెట్ల మీద,
సోమవారం

బుల్లీ,

బుధవారం పొద్దున బండికి వస్తున్నాను. మీ ఆసుపత్రిలో, మీ డాక్టర్నే నన్ను గొట్టంలో పెట్టమను. ఫోన్ చేసి అడిగాను, పెడతారట. మరిదిని అద్దానికి అవతల తెర ముందు నిలబెట్టు. నాకు అది ఎంత కష్టమో నీకు తెలియదు. అయినా వస్తాను.

నీ ప్రశ్నకి జవాబు. పైన కొట్టేసిన ఆరు వరుసలూ చదువుకో, అవన్నీ తప్పించుకోవడానికి రాసినవే.

నేను తెలివిగా ఉన్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను, కాబట్టి భయం లేదని అమ్మతో చెప్పను. నాలాంటి వాళ్ళందరూ నాలాగే ఉండరు. నా బొమ్మ చూసి మీరు నిర్ణయం తీసుకుంటే అదీ మోసమే. మీ బిడ్డకి మూర్ఛలు రావచ్చు. మాట రావడానికి ఐదేళ్ళు పట్టొచ్చు. వద్దనుకుంటే నిన్ను తప్పుపట్టను, ఇది నేను తుడుచుకుని రాసిన మాట కాదు.

కానీ నువ్వు అడిగింది అమ్మ నన్ను అడిగితే అని కదా. నాకు బడిలో ఎడమచేతి వేళ్ళ మీద పడిన దెబ్బలు గుర్తున్నాయి. స్నేహితులు లేని ఏళ్ళు గుర్తున్నాయి. నువ్వు పుట్టిన రోజూ గుర్తుంది. మొదటిసారి మైక్రోస్కోపులో ఆకుపచ్చ పోగులు చూసి, భోజనానికి కూడా లేవకుండా కూర్చున్న రోజూ గుర్తుంది. ఇవేవీ లేకుండా పోవడం నాకు ఇష్టం లేదు. అందుకని, భయపడకు అని చెప్పేదాన్ని కాదు. భయపడమ్మా, కానీ నన్ను కను అని చెప్పేదాన్ని.

అక్క


ఇంట్లో,
ఆదివారం

బుల్లీ,

ఐదు వారాలైంది.

బుధవారం వచ్చాను, పడుకున్నాను, లేచాను. మరిది తెర వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ తెర వైపు చూశాడు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నువ్వు తలుపు దగ్గరే నిలబడ్డావు. నా ఎడమచేతిని చూస్తున్నావు. సాయంత్రం బండికి నేను తిరిగి వచ్చేశాను.

ఆ శుక్రవారం పోయింది. ఇంకో నాలుగు శుక్రవారాలు పోయాయి. నాలుగు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. నువ్వు ఫోన్ ఎత్తవు, మరిది అసలు ఎత్తడు. దుకాణానికి చేస్తే "ఆవిడ సెలవులో ఉన్నారు" అంటున్నారు. ఎందుకు సెలవు? ఒంట్లో బాగోకనా? ఆసుపత్రిలో ఉన్నావా? చేయించేసుకుని నాకు చెప్పలేక ఊరుకున్నావా? నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా తప్పుపట్టనని రాశాను కదా. తెలియకుండా ఉండటం నా వల్ల కావడం లేదు. కోత బల్ల దగ్గర నిన్న మూడు మెదళ్ళు తప్పుగా కోసి పాడుచేశాను.

ఒక్క ముక్క రాయి. ఏదైనా సరే.

అక్క


ఇంట్లో, ముందు గదిలో,
బుధవారం

అక్కా,

సెలవు పెట్టింది కాళ్ళ వాపులకి. ఆ శుక్రవారం నేను ఆసుపత్రికి వెళ్ళలేదు. దుకాణానికి వెళ్ళి ఇరవై ఆరుగురికి చార్టు చూపించాను. సాయంత్రం ఆరింటికి గడువు అయిపోయింది. ఆయన బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, నా సంచీ తీసుకున్నాడు, ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి వచ్చాం. ఇప్పుడు ఇరవై తొమ్మిదో వారం. తెగ తంతోంది.

నీకు ఆ రాత్రే రాసి ఉండొచ్చు. రాయలేదు. ఆయన్నీ ఫోన్ ఎత్తనివ్వలేదు. కావాలనే చేశాను. నువ్వు నాలుగేళ్ళు దాచావు. నేను ఐదు వారాలు దాచాను. అవతలి మనిషికి తెలిసింది నీకు తెలియకపోతే ఎలా ఉంటుందో నీకూ తెలియాలనుకున్నాను. నీ ఆదివారం ఉత్తరం చదివాక చేసింది చాలనిపించింది. మూడు మెదళ్ళు పాడుచేశానని రాశావు, అది చదివి ఏడ్చాను. నన్ను నేను తిట్టుకున్నాను కూడా.

నువ్వు గొట్టంలో పడుకున్నప్పుడు, మొదటి స్కాన్ రోజు వచ్చిన ఆ రెండో డాక్టర్ని ఒక్కటే అడిగాను. 'ఈవిడ ఐదో నెలలో మీ దగ్గరికి వచ్చి ఉంటే ఏమని చెప్పేవారు?' అన్నాను. ఆయన "మీకు చెప్పినదే చెప్పేవాణ్ణమ్మా" అన్నాడు. మా నిర్ణయానికి నువ్వు కారణం కాదు, అది నీ మీద వేసుకోకు. రాబోయేది ఎలా ఉన్నా మేం ఇద్దరం పడతామని అనుకున్నాం, అంతే. భయం అలాగే ఉంది. పొద్దున లేస్తూనే ఉంటుంది.

నిన్ను క్షమించానని రాయను. ఇంకా కోపం ఉంది, కొన్నాళ్ళు ఉంటుంది. కాన్పుకి పది రోజుల ముందు రా, సెలవు ఇప్పుడే పెట్టుకో. వచ్చి ఉండు, కోపంలో ఉన్నా వండిపెడతాను.

ఒక పని మాత్రం నీదే. ఈ బిడ్డకి ఊహ తెలిశాక ఒక రోజు వచ్చి, 'నా తలలో లేనిదేమిటి?' అని అడుగుతుంది. అప్పుడు నువ్వు ఎక్కడున్నా వచ్చి నువ్వే చెప్పాలి. నేను చెప్తే ఓదారుస్తున్నానని అనుమానపడుతుంది. నువ్వు చెప్తే నమ్ముతుంది.

చెల్లి